అనపకాయకు దీర్ఘం లేదు

మొదటిసారి పెదవులు ఉబ్బినప్పుడు మా ఆయన నవ్వాడు. "నీ నోరు నీకే పడ్తలేదే," అన్నాడు. రెండోసారి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. మూడోసారి గొంతు బిగుసుకుపోయి, నాచారం గతుకుల్లో ఆటో ఎగురుతుంటే ఊపిరి కోసం కొట్టుకుంటూ దవాఖానాకు చేరాను. సూది వేశాక గొంతు వదిలింది. ఇంటికొచ్చాక ఆయన గారి తీర్పు: గ్యాసు.

ఈ వయసు ఆడదానికి ఏం జరిగినా గ్యాసు, కాకపోతే టెన్షన్. నేను ఒప్పుకోలేదు. నా గొంతు ఎందుకు మూసుకుపోయిందో తెలియకుండా ఇంకో ముద్ద మింగేది లేదని, ఉప్పల్‌లో అలర్జీ డాక్టరమ్మ దగ్గరికి ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను.

ఆమె కోస్తా మనిషి, మర్యాదస్తురాలు. ఆ మూడు రోజులూ ఏమేం తిన్నారో, తిన్నాక ఎంతసేపటికి ఇలా అయిందో రాసుకురమ్మంది. తెలుగులో శుభ్రంగా రాసిచ్చాను. మూడు రోజుల్లోనూ అనపకాయ కూర ఉంది. ఆమె దాని చుట్టూ సున్నా చుట్టి, పరీక్షకు ముందు వారం రోజులు దురద మాత్ర వేసుకోవద్దంది. ఆ వారం గోక్కుంటూ గడిపాను.

పరీక్ష రోజు ముంజేతి మీద వరసగా చుక్కలు పెట్టి, ఒక్కోదాన్నీ సూదితో గీరారు. పావుగంట చూశాం. పరీక్ష సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి పెట్టిన, ఎవరికైనా ఉబ్బే మందు చుక్క తప్ప ఇంకేదీ ఉబ్బలేదు.

"తిండి వల్ల ఏమీ లేదండీ. కాస్త స్ట్రెస్ తగ్గించుకోండి," అంది డాక్టరమ్మ.

"నేను జెప్పలే?" అన్నాడు మా ఆయన.

ఏ చుక్క దేనిదో రాసిన కాగితం ఇటివ్వమన్నాను. కందిపప్పు, శనగ, పల్లీ... చివర ఇంగ్లీషులో సొరకాయ.

"సొరకాయ ఎవరు తిన్నరు మేడం?"

"మీరే రాశారుగా అండీ, అనపకాయ అని. మేం సొరకాయని ఆనపకాయే అంటాం, దీర్ఘం మర్చిపోయారనుకున్నాను."

"దీర్ఘం మీ దగ్గర. మా దగ్గర అనపకాయ అంటే చిక్కుడు జాతి. గింజలు ఒలిచి వండుకుంటం. దీర్ఘాలు తీసుడు నాకు మస్తు వచ్చు గని, లేనికాడ తియ్య."

ఆమె నవ్వింది. నేను నవ్వలేదు. ఒక్క దీర్ఘానికి నన్ను టెన్షన్ మనిషిని చేసి పంపబోయారు.

మర్నాడు పచ్చి గింజలు ఒక డబ్బాలో, ఉడికించినవి ఇంకో డబ్బాలో పట్టుకెళ్ళాను. సూదిని గింజలో గుచ్చి, అదే సూదితో నా చేతిని గీరింది. పది నిమిషాలు కాకముందే రెండు చోట్లా రూపాయి బిళ్ళంత దద్దు లేచింది. అంత దురదలోనూ ఆ చేతిని మా ఆయన కళ్ళ ముందు పెట్టి, "గ్యాసు," అన్నాను. ఆయన గోడ మీద ఫ్యాన్ స్విచ్చులు లెక్కపెట్టుకున్నాడు.

చెయ్యి ఉబ్బితే చాలదట. తిన్నప్పుడల్లా ఒంటికి జరిగింది కూడా దానితో కలిస్తేనే అలర్జీ అంటారట. నాకు రెండూ కలిశాయి. "అయితే పప్పులన్నీ బందేనా?" అని మా ఆయన అడిగితే నేనే అడ్డుపడ్డాను. కందిపప్పు రోజూ తింటున్నాను, ఏనాడూ చిన్న దురద కూడా లేదు, ఎందుకు మానాలి? మానక్కర్లేదనే అంది డాక్టరమ్మ. అనపకాయను మాత్రం ముట్టొద్దంది, దాని పులుసుతో సహా.

ఆ ఆదివారమే మా ఆడబిడ్డ ఇంట్లో భోజనం. అనపకాయ పులుసు గిన్నె పట్టుకుని నా మీదికి వంగింది.

"గింజలన్నీ ఏరి తీసేసిన. పులుసు పోసుకో. ఒక్క చుక్కకు సస్తవా ఏంది?"

"సావచ్చు వదినా. సచ్చినంక నీ పులుసు మంచిగున్నదని ఎట్ల జెప్పాలె?"

"వద్దక్కా," అన్నాడు మా ఆయన. "ఆమెకు నిజంగనే పడదు."

"గా 'నిజంగనే' ఏంది? ముందుగాల మూడుసార్లు అబద్ధంగ ఉబ్బిందా?" అని ఆయన్నే అడిగాను.

ఆడబిడ్డ గిన్నె వెనక్కి తీసుకుంది. పులుసులో పెట్టిన గరిట కాకుండా వేరే గరిటతో పెరుగు వెయ్యమన్నాను. గొణుక్కుంటూనే వంటింట్లోకి పోయి, కొత్త గరిట తెచ్చింది.