పద్దెనిమిది కిలోల సముద్రం

మా మేనత్త పోయిందన్న కబురు పోయిన నెల ఒక పొద్దున, దుకాణంలో చేపలకు మేత వేస్తుండగా వచ్చింది. మాక్లూర్ నుంచి మా బావ ఫోన్ చేశాడు. "అమ్మ లేదే ఇగ. చాయ తాగి, గట్లనే కూసొని పోయింది" అన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు, "నిన్న గుడ నీ చేపల సంగతే అడిగింది" అన్నాడు.

నేను ఆర్మూర్‌లో అక్వేరియం దుకాణం నడుపుతున్నాను. మా మేనత్త ముప్పై ఏళ్లు ఇక్కడి మార్కెట్ యార్డులో పసుపు ఏరింది. కొమ్మును చేతిలో పట్టుకొని, విరిచి, ఆ చప్పుడు విని అది లోపలి దాకా ఎండిందో లేదో చెప్పేది. మోకాళ్లు మొరాయించాక ఆ పని మానేసింది కానీ, పొద్దున్నే బస్సెక్కడం మానలేదు. యార్డుకు బదులు మా దుకాణానికి వచ్చి స్టూలు మీద కూర్చునేది. చేపల గురించి ఆమెకు ఏమీ తెలియదు. ఉప్పునీళ్లలో ఉండే చేపకు తాగడానికి మంచినీళ్లు వేరే పెట్టాలని నాతో వారం రోజులు వాదించింది. అయినా ఈ రోజు నా దుకాణం నిలబడి ఉందంటే ఆమె వల్లనే. అది ఎలాగో మీకు చెప్పాలని ఉంది.

నాలుగేళ్ల కింద మా ఊరి పిల్లల డాక్టరమ్మ తన దవాఖానలో, పిల్లలు కూర్చునే చోట, సముద్రపు చేపల ట్యాంకు పెట్టమని అడిగింది. అప్పటిదాకా నేను మంచినీటి చేపలే అమ్మాను. ముందు నా దుకాణంలో ఒకటి పెట్టి చూద్దామనుకున్నాను. రెండు వందల లీటర్ల ట్యాంకు. అందులో పేర్చే సముద్రపు రాయి ఎంత కావాలని హైదరాబాద్ దుకాణదారుకు ఫోన్ చేస్తే, "నలభై కిలోలు మేడమ్, తక్కువైతే నడవదు" అన్నాడు. నలభై కిలోలూ తెప్పించి, వెనక అద్దానికి ఆనించి గోడలా పేర్చాను. మూడు వారాలకు నీళ్లు వాసన కొట్టాయి. అందులో వేసిన ఐదు చేపలూ చచ్చి తేలాయి.

పక్కనున్న చాయ్ హోటలాయన గుమ్మంలోకి వచ్చి చూశాడు. "గుట్ట ముంగట పెట్టుకొని రాయి కొన్నవామ్మా! అడిగితే నేనే ట్రాక్టర్ నిండ పోస్తుంటి గద" అని నవ్వాడు. నా భర్త నవ్వలేదు. "ఉన్న చేపలు అమ్ముకుంటే చాలు. సముద్రం మనకెందుకు?" అన్నాడు. ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. డాక్టరమ్మకు నా వల్ల కాదని చెబుదామని ఫోన్ తీశాను.

మేనత్త నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "ఆగవే కోడలా. సచ్చింది చేపలు, నువ్వు గాదు. గా రాయి ఎందుకేస్తరో చెప్పు ముందుగాల."

చెప్పాను. రాయి అందానికి కాదనీ, దాని చిల్లుల్లో కంటికి కనబడని జీవులు కాపురం పెట్టి చేపల మురికిని తింటాయనీ, అవి లేకపోతే నీళ్లు విషమవుతాయనీ. ఆమె శ్రద్ధగా విన్నది. "అంటే మనం కొనేది రాయి గాదు, చిల్లులు" అంది.

నేను జువాలజీలో పీజీ చేశాను. ఈ ఒక్క మాట నాకు తట్టలేదు.

ఆ రాళ్లన్నీ బయటికి తీయించి, కడిగించి, వారం రోజులు ఎండలో పెట్టించింది. తర్వాత బకెట్ నిండా నీళ్లు పట్టించి ఒక్కో రాయినీ ముంచింది. చాలా వాటిలోంచి ఏమీ రాలేదు. కొన్నిటిలోంచి మాత్రం బుసబుసమని బుడగలు వచ్చాయి. లోపల ఖాళీ ఉన్నవి అవే. ఆమె హోటలాయనను పిలిచి గుట్ట రాయి ఒకటి తెమ్మంది. అదీ ముంచింది. ఒక్క బుడగ లేదు. "సూషినవా? నీ ట్రాక్టర్ గిట్లనే నిలబెట్టుకో" అంది.

నలభై కిలోల్లో బుడగలొచ్చినవి ఆరు కిలోలు.

"బరువు అబద్ధం ఆడుతది, కోడలా" అంది. "పచ్చి పసుపు గుడ బరువే ఉంటది. తూకం సూషి మురిసినోడు మునుగుతడు."

ఇక ఎంత కొనాలన్నది ఆమే తేల్చింది. దుకాణం నేల మీద సుద్దతో ట్యాంకు కొలత గీయించింది. దాని లోపల నాలుగు వైపులా చెయ్యి పట్టేంత జాగా వదిలి ఇంకో గీత గీసింది. "రాయి గీ గీత దాటొద్దు. నీ చెయ్యి పోవాలె, నీళ్లు తిరగాలె, చేప సుట్టు తిరిగి రావాలె." చేపలు వచ్చే థర్మకోల్ పెట్టెలను విరిచి, మంచివని తేలిన రాళ్లను గీత లోపల పెట్టి, ఇంకా కొనాల్సిన రాళ్లకు బదులు వాటి మీద ఆ ముక్కలను పేర్చింది. రెండు చిన్న గుట్టలు, మధ్యన ఒక దారి. లేచి, దూరం నుంచి చూసి, ఒక ముక్క తీసేసింది. తర్వాత థర్మకోల్ ముక్కలన్నీ సంచిలో వేసి, మర్నాడు పొద్దటి బస్సుకే నన్ను హైదరాబాద్‌కు తీసుకుపోయింది.

ఆ దుకాణంలో ఆమె సంచి బల్ల మీద పెట్టింది. "బాబూ, గీ సంచిల ఉన్నంత రాయి కావాలె. కిలోలు నువ్వు సూస్కో. బకెట్ ఒకటియ్యి."

"అమ్మా, రాయి కిలోల లెక్కనే అమ్ముతం" అన్నాడతను.

"అమ్ముడు నీ లెక్కనే అమ్ము. ఏరుడు నా లెక్క."

ఆమె గంటన్నర కూర్చుని ఏరింది. అతను మొదట విసుక్కున్నాడు, తర్వాత పక్కన కూర్చున్నాడు, చివరికి తనే ముంచి చూపించసాగాడు. మొత్తం పన్నెండు కిలోలు తూగింది. ఇంటి దగ్గరి ఆరు కలిపితే పద్దెనిమిది. "నడవదమ్మా" అని అతను ఇంకోసారి అన్నాడు. "నడిస్తే ఫోన్ చేపిస్తలే" అంది.

నా దుకాణంలోని ట్యాంకునే దవాఖానలో పెట్టి, ఉప్పునీళ్లు నింపి, ఆ రాళ్లు పేర్చాం. చేపలు వేయలేదు. దాదాపు రెండు నెలలు, చిల్లుల్లో జీవులు పెరగాలని రోజూ చిటికెడు మేత వేస్తూ, నీళ్లు పరీక్షిస్తూ ఊరుకున్నాం. డాక్టరమ్మ రాళ్లు నానబెట్టిందని వచ్చినవాళ్లు నవ్వుకున్నారు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. "పసుపు భూమిల తొమ్మిది నెలలుంటది. ఎవలన్నా రోజు తవ్వి సూస్తరా?" అని మేనత్త కసిరింది.

ఒక పొద్దున పరీక్షలో విషం సున్నా అని వచ్చింది. మర్నాడూ సున్నానే. మూడో రోజు మళ్లీ చూసి, తెల్ల చారల నారింజ రంగు చేపల జంటను వదిలాను. వారం గడిచింది, నెల గడిచింది. నీళ్లు అద్దంలా నిలిచాయి. సూదికి ఏడ్చే పిల్లలు ట్యాంకు ముందుకు రాగానే ఏడుపు మరిచిపోయేవాళ్లు. హైదరాబాద్ దుకాణదారుకు నేనే ఫోన్ చేశాను. "అమ్మ ఉన్నదా? ఆమెకియ్యి" అన్నాడు. ఇప్పుడు వాళ్ల బల్ల పక్కన ఎప్పుడూ ఒక నీళ్ల బకెట్ ఉంటుందట. నా దగ్గర డిచ్‌పల్లి, నవీపేట్ వాళ్లు కూడా సముద్రపు ట్యాంకులు పెట్టించుకున్నారు. వాళ్ల రాళ్లన్నీ ఆమే ఏరింది. హిసాబు నా భర్త రాసేవాడు, సంచి కూడా తనే మోసేవాడు.

ఆమె ఆఖరిసారి దవాఖానకు వచ్చింది ఈ ఎండాకాలంలో. రాతి పక్కన చేపలు గుడ్లు పెట్టాయని చెబితే, నడవలేనంటూనే ఆటో ఎక్కింది. మగచేప రెక్కలతో గుడ్లకు విసురుతూ ఉంది. కూర్చున్న తల్లులందరూ లేచి ఆమెకు దారి ఇచ్చారు. ఆమె వంగి, అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరగా ముఖం పెట్టింది. బొటనవేలంత కూడా లేని ఆ చేప గుడ్లను వదిలి దూసుకొచ్చి, అద్దానికి అవతలి నుంచి ఆమె ముక్కును పొడిచింది. మళ్లీ పొడిచింది.

"అబ్బో, ఇల్లు నీదేనా?" అని మేనత్త నవ్వింది. వెనక్కి మాత్రం జరగలేదు.