దిగి చూడని గుంట

మొన్న మా అక్కయ్యను విమానం ఎక్కించి తిరిగొస్తుంటే, బతికున్న చేపలు దొరుకుతాయని మా అల్లుడు కారు పాల్మాకుల వైపు తిప్పాడు. రోడ్డు పక్కన నీళ్ల తొట్టిలో బొచ్చెలు గిరగిరా తిరుగుతున్నాయి. తొట్టి వెనక కూర్చున్న నెరిసిన జుట్టు మనిషి నన్ను చూడగానే లేచి, "సారూ, మీరేనా?" అన్నాడు. ఆ గొంతు వినగానే నాకు తలకొట్టేసినట్టయింది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇక్కడ విమానాశ్రయం కొత్తగా వచ్చిన రోజులవి. గగన్‌పహాడ్‌లో ఒక చిన్న కంపెనీ గోడౌను ఉండేది. చేపల మేత, రొయ్యల చెరువుల్లో చల్లే ఖనిజ లవణాలు, నీటి మందులు అక్కడినుంచే పంపేవాళ్లం. అమ్మేవాణ్ణీ నేనే, రైతులకు సలహా చెప్పేవాణ్ణీ నేనే. గోదావరి జిల్లాలో పుట్టి, చెరువు గట్ల మీద పెరిగినవాణ్ణాయె, చేపల సంగతి నాకొకడు చెప్పాలా అని ఎంత పొగరుండేదో ఇప్పుడు తలుచుకుంటే నామీద నాకే కంపరం పుడుతుంది.

పాల్మాకులలో ఈ తొట్టి దగ్గరి మనిషే అప్పట్లో ఎకరం పొలంలో గుంట తవ్వించి, బోరు నీళ్లు నింపి చేపపిల్లల్ని వదిలాడు. ఆ ఇంటికి అదే మొదటి పంట, అదే ఆశ. ఇక్కడికొచ్చాక అలవాటైన పిలుపుతో ఆయన్ను అన్నా అనేవాణ్ణి, ఆయన భార్యను వదినా అనేవాణ్ణి. మేత పని మొత్తం వదినదే. గోతాలకు చిల్లులు పెట్టి, తవుడూ వేరుశనగ చెక్కా కలిపి నింపి, నీళ్లలో పాతిన కర్రలకు కట్టడం మా వైపు పద్ధతి. అది నేనే నేర్పితే, ఆవిడ నాకంటే నేర్పుగా చేసేది. ఆవిడ గాజుల చప్పుడుకే చేపలు కర్రల దగ్గరికి చేరేవి, చూసి చిన్నపిల్లలా సంబరపడిపోయేది.

ఒక ఎండాకాలం నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా మారి, నాచు పైకి తేలడం మొదలైంది. రమ్మని కబురొస్తే వెళ్లాను. ఆ రోజే మా పెద్ద మేనేజరు విమానంలో వస్తున్నాడు, నేను వెళ్లి తీసుకురావాలి. ఇస్త్రీ ప్యాంటు, కొత్త బూట్లు. గట్టు మీదే నిలబడి చూసి, ఎకరానికి ఇంత అని నాచు మందు రాసిచ్చాను. అన్న మాత్రం, "జర దిగి చూడుర్రి సార్, లోతెంతుందో" అన్నాడు. ఎన్ని చెరువులు చూశాం మనం అని నవ్వేసి వెళ్లిపోయాను. మా వైపు చేపల చెరువంటే మనిషి లోతు నీళ్లుంటాయి, ఎకరం లెక్క అక్కడ సరిపోతుంది. ఇక్కడ కింద రాతినేల, గుంట లోతు తవ్వలేరనే సంగతి నా బుర్రకు తట్టనే లేదు.

మూడోనాడు తెల్లవారగానే ఫోను. "సార్, చేపలు నోర్లు తెరుసుకొని పైకొస్తున్నయి, జల్ది రార్రి!" నేను చేరేసరికి గుంట నిండా తెల్లటి పొట్టలు. అప్పుడు దిగాను. నీళ్లు తొడల దాకా వచ్చి ఆగాయి. ఇంకా లోపలికి నడిచాను, ఇంకా నడిచాను, లోతు పెరగలేదు. రెండింతలు మందు పడిందని, నాచంతా ఒక్కసారిగా చచ్చి కుళ్లి, నీళ్లలో ప్రాణవాయువు లేకుండా పోయిందని నాకు ఆ గుంట నడిమధ్యనే తెలిసిపోయింది. వెనక్కి తిరిగితే గట్టు మీద ఇద్దరూ నా మొహం వైపే చూస్తున్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తవుడు ఎక్కువేశారు, అది కుళ్లి నీళ్లు చెడ్డాయి అన్నాను.

అన్న నన్ను ఒక్క మాట అనలేదు. వదిన వైపు తిరిగి అనరాని మాటలన్నాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. నేను బూట్లు చేత పట్టుకుని, తడి ప్యాంటుతో బండెక్కాను. మళ్లీ ఆ ఊరు వెళ్లలేదు, ఏడాది తిరక్కుండా ఉద్యోగమే మారిపోయాను.

మొన్న అన్న చాయ్ తెప్పించాడు. తొట్టి పక్కనే వదిన చేపలు తూస్తోంది. తవుడు ఎక్కువైతే నీళ్లు చెడతాయని ఆనాడు మీరు చెప్పబట్టి నేర్చుకున్నామని, చుట్టుపక్కల రైతులకు కూడా అదే చెబుతుంటానని మా అల్లుడి ముందు నన్ను మెచ్చుకున్నాడు. "గప్పటి సంది ఈమెను గుంట కాడికి రానియ్య సార్" అని నవ్వాడు. నేను మింగలేక కక్కలేక, ఆనాడు నా తప్పు కూడా ఉందిలే అన్నా అని నసిగాను. "చూసినవా, పెద్దమనిషంటే గిట్లుండాలె. నీ తప్పు తన మీదేసుకుంటుండు" అన్నాడు భార్యతో. మా అల్లుడు నావైపు గౌరవంగా చూశాడు. ఇంకొక్క మాట గట్టిగా అని ఉంటే అన్న నమ్మేవాడే.

చేపలు సంచిలో వేసిస్తూ వదిన తలెత్తకుండానే అడిగింది. "నిజం చెప్పుర్రి సారూ, నేనేసిన తవుడేనా?"

కాదు వదినా, నేనిచ్చిన మందే అన్నాను. ఆవిడ ఒక్కదానికే వినబడేటట్టు అన్నాను. ఆవిడ సంచి మూతి ముడేసి నా చేతికిచ్చింది.

ఇప్పుడు రోజులు ఎంత మారాయి! అన్న గుంటలో గీతలు పెట్టిన కర్ర పాతాడట, లోతు చూడందే మందు సీసా మూత తియ్యడట. నీళ్లు పరీక్ష చేసే పెట్టె ఉంది, గాలి పట్టించే చక్రాలున్నాయి, ఏ సలహాకైనా ఫోను ఉంది. గట్టు మీద నిలబడి మందు రాసిచ్చే నాలాంటివాళ్ల అవసరం తీరిపోయింది, మంచిదే. గాజుల చప్పుడుకు చేపలు రావడం మాత్రం ఆ గుంటలో ఆనాటితోనే ఆగిపోయింది. వదినకు చెప్పిన ఆ మాట నాలుగడుగుల దూరంలో ఉన్న ఆవిడ మొగుడికి చెప్పడానికి, ఇన్నేళ్లొచ్చినా నాకు నోరు రాలేదు.