రామాంజనేయులు గారి పిండిముద్ద

రామాంజనేయులు నోట "లాభం లేదు" తప్ప మరో మంచి మాట విన్నవాళ్ళు కొండాపూర్‌లో లేరు. పంక్చరైన స్కూటరు తెచ్చినా లాభం లేదు, ఊరికే గాలి కొట్టించుకోడానికి వచ్చినా లాభం లేదు. వాన పడితే లాభం లేదు, పడకపోతే అసలే లేదు. ఒకాయన కొత్త కారు కొని, గుడి నుంచి తిన్నగా ఆయనకు చూపించడానికి తెస్తే, చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, చావు ఇంటికి పలకరింపుకు వెళ్ళినవాడిలా కారు ఓనరు భుజం తట్టి పంపేశాడు.

ఆయనది అనంతపురం వైపు. బాలానగర్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు లేత్ మీద పనిచేసి, అది మూతపడ్డాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసి చక్రాల షాపు పెట్టుకున్నాడు. వెనక గదిలో కాపురం. భార్య లక్ష్మీదేవి నవ్వు మొహం మనిషి. ఇద్దరి వాటా నవ్వూ ఆవిడే నవ్వేది.

ఈ రామాంజనేయులి చేతిలో మన రవికిరణ్ పడ్డాడు. భీమవరం కుర్రాడు, హైటెక్ సిటీలో ఉద్యోగం. అది తొంభై తొమ్మిదో సంవత్సరం. డిసెంబరు ముప్పై ఒకటి దాటితే కంప్యూటర్లన్నీ తేదీ మర్చిపోతాయని, బ్యాంకులు మూతపడతాయని ఆఫీసులో పొద్దస్తమానం భయపడడమే అతని పని. సాయంత్రం రామాంజనేయులి దగ్గర పది నిమిషాలు కూర్చుంటే ఆ ప్రళయం కూడా కాస్త నయమనిపించేది.

రవికిరణ్‌కు ఒక్కటే కోరిక. పుట్టి బుద్ధెరిగాక ఏ పోటీలోనూ నిలబడలేదు. డిసెంబరు మొదటి ఆదివారం ఊరవతల పాత రన్‌వే మీద కార్ల డ్రాగ్ పందెం, అంటే నిలబడ్డచోటు నుంచి తిన్నగా ఒక్క పరుగు, ఉందని తెలిసి పేరిచ్చేశాడు. ఆఫీసులో పదకొండు మంది చూడ్డానికి వస్తామన్నారు. డ్రాగ్ కార్లకు వేసినట్టు చిన్న చక్రాలు, వాటికి ఎత్తైన మెత్తటి టైర్లు వేస్తే కారు నిలబడ్డచోటు నుంచి బాణంలా లేస్తుందని ఎవరో చెప్పారు. తన కారుకు కంపెనీ వేసిన చక్రాలకన్నా ఒక అంగుళం చిన్నవి ఓ జత సంపాదించి తెచ్చాడు.

రామాంజనేయులు చక్రాన్ని చేత్తో తూచి, లోపలికి తొంగి చూసి, నిట్టూర్చాడు.

"లాభం లేదు నాయనా. నీ బ్రేకు పెద్దది, ఈ చక్రం కడుపు చిన్నది. రాసుకుంటాది."

"బిగించి చూడకుండా ఎలా చెబుతారండీ?"

దాంతో పిండి పరీక్ష మొదలైంది. ఆయన లోపలికి కేకేశాడు, లక్ష్మీదేవి తడిపిన గోధుమపిండి తెచ్చిచ్చింది. చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండు వైపులా పట్టి బండిని ఆపే ఇనుప దవడ ఉంటుందే, క్యాలిపర్, దానిమీద గోలీలంత ముద్దలు నాలుగు అంటించాడు. చక్రం ఎక్కించి, నట్లు బిగించి, చేత్తో మెల్లగా ఒక్క చుట్టు తిప్పి, మళ్ళీ విప్పాడు. నలిగిన ముద్దలో దబ్బనం గుచ్చి లోతు చూశాడు. కనీసం మూడు మిల్లీమీటర్లు ఉండాలట. బ్రేకు వేడెక్కినా, బరువుకు చక్రం కాస్త వంగినా ఇనుముకు ఇనుము తగలకూడదట. అక్కడ ముద్ద అప్పడమైపోయింది.

అలా అయిదు వారాలు. రవికిరణ్ ఎక్కడెక్కడివో చక్రాలు తేవడం, పిండి నలగడం, లాభం లేదనడం. ఒక చక్రం నయమే అనుకుంటే, చక్రం ఊగకుండా లోపలి అంచున అంటించిన సీసపు ముక్క క్యాలిపర్‌ను గీరింది. మరోదాన్ని కాస్త బయటికి జరపడానికి వెనక మందపాటి బిళ్ళ వేద్దామంటే, నట్టు మూడు చుట్లే పట్టింది. మూడు చుట్ల మీద ప్రాణం పెడతావా నాయనా అని రామాంజనేయులు కణతలు పట్టుకున్నాడు. ఆ ఇంట్లో చపాతీలు చేసుకుని నెల దాటిందని, పిండంతా కారు బ్రేకులే తిన్నాయని లక్ష్మీదేవి నవ్వుతూ చెప్పింది. రవికిరణ్‌కు నవ్వు రాలేదు. పందెం నాలుగు రోజుల్లో ఉంది.

బుధవారం ఆశ పూర్తిగా వదిలేసి, మెయిన్ రోడ్డు మీద కొత్తగా వెలసిన అద్దాల షాపుకు వెళ్ళాడు. వాళ్ళు పిండి అడగలేదు. తగిలినచోట క్యాలిపర్‌ను గ్రైండరుతో అరగదీసి, అరగంటలో చక్రాలెక్కించి, ఫికర్ చేయకండి సార్ అన్నారు. రవికిరణ్ ఆ కారును విజయగర్వంతో రేకుల షెడ్డు ముందు ఆపాడు.

రామాంజనేయులు వంగి చూశాడు. అరిగి పలచబడ్డ ఇనుము తళతళలాడుతోంది. లేచాడు. లాభం లేదని కూడా అనలేదు. రవికిరణ్‌కు మొదటిసారి నిజంగా భయం వేసింది, కానీ ఒప్పుకోబుద్ధి కాక వెళ్ళిపోయాడు.

గురువారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి దిగేసరికి కారు ఇటుకల మీద ఉంది. ముందు చక్రాలు లేవు, క్యాలిపర్లూ లేవు. రవికిరణ్ అక్కడే మెట్లమీద కూలబడ్డాడు. గేటు దగ్గరి కాపలా మనిషి తీరిగ్గా వచ్చాడు.

"గా చక్రాల పెద్దాయన వచ్చిండు సార్. మా బస్సులకు గూడ ఆయనే చేస్తడు. లాభం లేదు, లాభం లేదు అనుకుంటనే అన్నీ ఇప్పుకొని ఆటోల ఏసుకపోయిండు."

రవికిరణ్ ఒళ్ళు మండిపోయి షాపుకు వెళ్ళాడు. లక్ష్మీదేవి ఒక్కతే ఉంది. ఆయన బాలానగర్ పోయాడని చెప్పి, అతన్ని వెనక గదిలోకి తీసుకెళ్ళింది. గోడవారగా పదకొండు చిన్న చక్రాలు పేర్చి ఉన్నాయి. ప్రతిదానిమీదా సుద్దముక్కతో "లేదు" అని రాసి ఉంది.

"అయిదు ఆదివారాలు పాత ఇనుము దుకాణాలన్నీ తిరిగినాడు నాయనా, అదే కొలతలో కడుపు పెద్దదుండే చక్రం కోసరం. తనకు పట్టింపు లేనోళ్ళ బండికైతే సరిపోతాదిలే పో అంటాడు. బాగుండాల అనుకున్నోళ్ళకే లాభం లేదంటాడు." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పెండ్లిచూపులకు వచ్చినప్పుడు నన్ను చూసి గూడా మొదట ఆ మాటే అన్నాడు."

రవికిరణ్ ఆ పదకొండు చక్రాల ముందు తల వంచుకుని నిలబడ్డాడు. తనమీద తనకే సిగ్గేసింది.

శుక్రవారం రామాంజనేయులు ఇంకో జత చక్రాలతో, అరగని క్యాలిపర్లతో ఆటో దిగాడు. పిండి అంటించాడు, తిప్పాడు, దబ్బనం గుచ్చాడు. నాలుగు మిల్లీమీటర్లు. మళ్ళీ గుచ్చాడు. నాలుగే. సీసపు ముక్కలు బయటి అంచుకు మార్చి, నట్లు పూర్తిగా పట్టాయో లేదో చుట్లు లెక్కపెట్టి, ఇరవై కిలోమీటర్లు తిప్పి మళ్ళీ బిగించుకోడానికి రమ్మన్నాడు. చివర్లో అలవాటు కొద్దీ లాభం లేదన్నాడు, ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం పందెంలో ఆరు కార్లు. రవికిరణ్ అయిదోవాడు. ఆరోది బయలుదేరనే లేదు. పదకొండు మంది స్నేహితులూ తలో పక్కకు చూస్తూ బిస్కెట్లు తిన్నారు.

సోమవారం సాయంత్రం వేలాడే మొహంతో షెడ్డుకు వచ్చాడు. రామాంజనేయులు ఏదో నట్టు తుడుస్తూ తలెత్తకుండానే అడిగాడు.

"రన్‌వే చివర్న ఆగిందా?"

ఎన్నోవాడివని అడగలేదు. రవికిరణ్ ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

"ఆగిందండీ. తొక్కగానే ఆగింది."

రామాంజనేయులు నట్టు పక్కన పెట్టాడు. "లక్ష్మీదేవీ, ఈ పొద్దు పిండి బండికి వద్దు. ఈ అబ్బికి చపాతీలు చెయ్."

మొదటి చపాతీ పళ్ళెంలో వేసి, ఎట్లుండాది నాయనా అని అడిగింది లక్ష్మీదేవి. రవికిరణ్ నోటినిండా నములుతూ, కళ్ళు మూసుకుని, దిగులుగా తల అడ్డంగా ఊపాడు.

"లాభం లేదు పిన్నీ."

ఆవిడ మురిసిపోయి ఇంకో రెండు వేసింది.