రింగు రోడ్డు మీద వెనక్కి తీసిన కారు

మా ఇంట్లో కారు నడపడం వచ్చింది నాకొక్కదానికే. మా ఆయన దుబాయిలో ఏసీలు బిగించే పని చేస్తాడు. స్టీరింగు పట్టడం అతనికి రాదు. మా అత్తమ్మ చాలా ఏళ్లు బీడీలు చుట్టింది. ఆర్మూర్ పక్కన పెర్కిట్‌లో నాకో చిన్న బట్టల దుకాణం ఉంది. నిజామాబాద్ నుంచి సరుకు తెచ్చుకోవడానికి పాత కారొకటి కొని, ఆర్మూర్‌లో డ్రైవింగ్ నేర్చుకున్నాను.

నేర్చుకున్నదంతా హైవే పక్కనుండే సర్వీసు రోడ్డు మీదే. పసుపు ఆరబోసి ఉంటే పక్కనుంచి తిప్పుకుని పోవాలి, ట్రాక్టరు అడ్డం ఆగితే అది కదిలేదాకా ఆగాలి. దుకాణం దాటిపోతే వెనక్కి తీయాలి. మా దగ్గర అందరూ అంతే. సందు దాటినా, పిలిచిన మనిషిని దాటినా, మెడ తిప్పి రివర్సు కొట్టడమే. రివర్సులో నాకు మంచి పేరుండేది. దుకాణం ముందు రెండు బండ్ల మధ్య నేను కారు దూర్చడం చూసి పక్క షాపుల వాళ్లు మెచ్చుకునేవాళ్లు.

మా ఆయన సెలవు మీద వస్తున్నాడంటే ప్రతిసారీ కిరాయి కారు మాట్లాడేవాళ్లం. పోయినసారి మాత్రం నేనే ఎయిర్‌పోర్టుకు నడుపుకుంటూ వచ్చి తీసుకుపోతానని ఫోన్లో చెప్పాను. అతను నవ్వి, "నిజంగనే వస్తవా? మా రూమోళ్లకు చెప్పాల్నా మరి?" అన్నాడు. చెప్పుకోమన్నాను.

అత్తమ్మ, నేను, కమ్మర్‌పల్లి నుంచి వచ్చిన వదిన, అంటే మా ఆయన అక్క, ముగ్గురం పొద్దున్నే బయలుదేరాం. వదిన నా పక్కన కూర్చుంది. అత్తమ్మ వెనక సీటు మధ్యలో కూర్చుని, రోడ్డు కనబడాలని మా రెండు సీట్ల నడుమ నుంచి ముందుకు వంగింది. వెనక బెల్టులు పెట్టుకునే వీలు లేదు. కొత్త సీటు కవర్లు వేయించినప్పుడు ఆ బెల్టు కొక్కేలు కవర్ల కిందికి పోయాయి. తీసి పైకి పెట్టించాలని ఎన్నోసార్లు అనుకున్నాను. వెనక కూర్చునేది ఎక్కువగా బట్టల మూటలే కదా అని వదిలేశాను.

మేడ్చల్ దాకా బాగానే వచ్చాను. రింగు రోడ్డు ఎక్కాక భయం పట్టుకుంది. అంత వెడల్పు రోడ్డు, అంత వేగం నాకు అలవాటు లేదు. ఎడమ వరసల్లో లారీలు పోతుంటే వాటి మధ్య నలిగిపోతానేమోనని కుడివైపు వరసలోకి జరిగి, అక్కడే నెమ్మదిగా పోతూ ఉన్నాను. వెనక నుంచి వచ్చేవాళ్లు లైట్లు కొట్టి, హారన్లు మోగించి, నన్ను ఎడమ నుంచి దాటిపోతున్నారు. దాటుతూ ఒకాయన నా వంక చూసి తల ఊపాడు. ఆడమనిషినని అలా చూశాడనుకుని నాకు కోపం వచ్చింది. నేను ఉండకూడని వరసలో ఉన్నానని అప్పుడు తోచలేదు.

ఎయిర్‌పోర్టుకు మేం దిగాల్సిన శంషాబాద్ బోర్డు కనబడింది. ఇంకా దూరం ఉందిలే అనుకున్నాను. మరో బోర్డు వచ్చింది. ఎడమకు జరుగుదామంటే లారీలు తెగడం లేదు. చూస్తుండగానే దిగే దారి పక్కకు చీలిపోయింది.

"గదే, గదే, దిగు" అంది వదిన.

బ్రేకు మీద నిలబడినట్టు తొక్కి స్టీరింగు ఎడమకు తిప్పాను. వెనక ఏదో తగిలిన చప్పుడు వినిపించింది. దిగే దారి దాటేశాం. రెండు రోడ్ల మధ్య తెల్ల గీతలు గీసిన జాగాలో కారు వంకరగా ఆగింది.

"జర ఎన్కకు తియ్యి. గంతే గదా" అంది వదిన.

వదిన అనకపోయినా నేను అదే చేసేదాన్ని. ఆలోచించనే లేదు. చెయ్యి దానంతటదే రివర్సు వేసింది. మెడ తిప్పి వెనక్కి తీస్తున్నాను. వెనక అద్దం నిండా లారీ ముఖం కనబడింది. ఆ హారను నా ఒంట్లోంచి మోగినట్టు అనిపించింది. లారీ పక్కకు కోసుకుంటూ, కారు అంతా ఊగేంత దగ్గరగా మమ్మల్ని దాటి పోయింది. ఆగలేదు. ఆ డ్రైవరు ముఖం నేను చూడలేదు. ఆ పూట ఎక్కడో టీ తాగుతూ అతను నా గురించి ఎవరితోనో చెప్పే ఉంటాడు.

క్లచ్చు మీద కాలు జారి కారు ఆగిపోయింది. అప్పుడు అత్తమ్మ మాట్లాడింది. గొంతు వేరుగా ఉంది.

"ముంగటికి పో బిడ్డా. ఎంత దూరమైనా మంచిదే, ముంగటికే పో."

అద్దంలో చూస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. కొంగుకు రక్తం అంటింది. నేను బ్రేకు తొక్కినప్పుడు ఆమె మూతి వెళ్లి నా సీటుకు కొట్టుకుంది. అంత దెబ్బ తగిలినా అరవలేదు. నేను బెదిరిపోతానని అరవలేదట. తర్వాత వదినతో అలా చెప్పింది.

ముందుకే పోయాను. పెద్ద గోల్కొండ దగ్గర దిగే దారి వచ్చింది. దిగి, తిరిగి వెనక్కి వచ్చి, ఎయిర్‌పోర్టు చేరాం. మా ఆయన సామాను కోసం ఇంకా లోపలే ఉన్నాడు. కొంచెం పెట్రోలు, కొంచెం ఓపిక, ఇంతే ఖర్చయ్యింది. దానికి ముగ్గురు మనుషుల ప్రాణాలు పణంగా పెట్టాను.

అతను బయటకు రాగానే తల్లిని చూశాడు.

"గిదేందమ్మా, మూతి గిట్ల ఉబ్బింది?"

"పొద్దుగాల బాత్‌రూంల కాలు జారిన. నల్లా తాకింది" అంది అత్తమ్మ. నా వైపు చూడను కూడా లేదు. వదిన సామాను బండి తోసుకుంటూ ముందుకు పోయింది. నేనూ ఆ బండి వెనకే నడిచాను.

మా ఆయన నన్ను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి ఫోటో తీశాడు. అక్కడికక్కడే రూములో వాళ్లకు పంపాడు. "మా ఇంటామెనే నడుపుకుంట వచ్చింది" అని వాళ్లకు వాయిస్ మెసేజ్ పెడుతుంటే విన్నాను. ఆ ఫోటోలో నేను నవ్వుతున్నాను. కామారెడ్డి దగ్గర టీకి ఆగినప్పుడు అత్తమ్మ వేడి టీని పెదవికి తగిలించలేక చల్లారేదాకా గ్లాసు పట్టుకుని కూర్చుంది. నేను కారు అద్దాలు తుడుస్తానని లేచిపోయాను.

నాలుగు రోజులకు ఆమె ముందు పన్ను కదిలింది. మా ఆయన ఆర్మూర్‌లో పళ్ల దవాఖానకు తీసుకుపోయాడు. పన్ను తీసేశారు. డాక్టరుకు కూడా అత్తమ్మ బాత్‌రూం మాటే చెప్పింది.

ఆ సాయంత్రం అతను బజారు నుంచి రబ్బరు చాప తెచ్చాడు. బాత్‌రూం నేల బ్రష్షుతో రుద్ది రుద్ది కడిగి, చాప పరిచాడు. మర్నాడు మేస్త్రీని పిలిపించి, పట్టుకోవడానికి గోడకు స్టీలు రాడ్డు వేయించాడు. "నేను మళ్ల పోతే అమ్మను నువ్వే చూస్కోవాలె. సబ్బు నీళ్లు నిల్వనియ్యకు" అని నాకు చెప్పాడు. సరేనన్నాను. పొద్దున స్నానానికి పోయి ఆ చాప మీద నిలబడితే అరికాళ్ల నుంచి సిగ్గు ఎక్కేది. ఆ రాడ్డును నేను ఒక్కసారి కూడా పట్టుకోలేకపోయాను.

చివరికి ఒక మధ్యాహ్నం దుకాణంలో గిరాకీ లేనప్పుడు మా ఆయనకు చెప్పేశాను. బ్రేకు సంగతి, రివర్సు సంగతి, లారీ సంగతి. అతను చీరల కట్ట సర్దుతున్నవాడు ఆగిపోయాడు.

"అమ్మ జారి పడలేదా?"

"లేదు."

"మరి బాత్‌రూం కడుగుతుంటే సూస్కుంట నిలవడ్డవ్ గదా."

తిడితే బాగుండు అనిపించింది. తిట్టలేదు. బయటకు పోయి కారు వెనక తలుపు తీసి, సీటు కవర్లు విప్పడం మొదలుపెట్టాడు. బెల్టు కొక్కేలు పైకి తీసి, కవర్లకు కత్తెరతో కోతలు పెట్టి, ఒక్కొక్కటీ బిగించి చూశాడు. నేను పక్కన నిలబడితే, "గిరాకీ వచ్చింది, పో" అన్నాడు.

రెండు రోజులు నాతో అవసరానికే మాట్లాడాడు. తర్వాత మామూలుగానే ఉన్నాడు. సెలవు అయిపోయి తిరిగి పోయే ముందు, "కిరాయి కారు చెప్పాల్నా?" అని నేనే అడిగాను.

"ఎందుకు? నువ్వే తోలు. జర ఎడమ దిక్కే పో" అన్నాడు.

కొడుకును సాగనంపడానికి అత్తమ్మ ఎయిర్‌పోర్టుకు రాకుండా ఎన్నడూ ఉండలేదు. ఆ రోజు మాత్రం మోకాళ్లు గుంజుతున్నాయని, రానని చెప్పింది. కొడుకు బతిమాలలేదు. నేనూ బలవంతపెట్టలేదు. మోకాళ్లు కాదని ముగ్గురికీ తెలుసు. ఆమె కొడుకు ముందు నా పరువు కాపాడింది గానీ, మళ్లీ నా వెనక సీట్లో కూర్చోలేకపోయింది.

రింగు రోడ్డు మీద లారీల వెనకే, ఎడమ వరసలో నెమ్మదిగా పోయాను. దిగే దారి బోర్డు మొదటిది కనబడగానే దానికి సిద్ధమయ్యాను. అతను బోర్డులు చూస్తూ కూర్చున్నాడు. అతన్ని దింపి, ఒక్కదాన్నే తిరిగి వచ్చాను.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. అత్తమ్మ గడప మీద కూర్చుని ఉంది. కారు ఆపగానే లేచి, "తిన్నవా?" అని అడిగి లోపలికి పోయింది. పక్కింటామె గోడ అవతల నుంచి, "పొద్దుటి సంది గక్కడ్నే కూసున్నది. బువ్వ తినమంటే బండి రానియ్యి అన్నది" అని నాతో చెప్పింది.

చేతులు కడుక్కుని వంటింట్లోకి పోయాను. పొద్దున వండిన అన్నం ముట్టినట్టు లేదు. కంచాలు రెండు పెట్టాను. నువ్వు రావలసింది అత్తమ్మా, బాగా నడిపాను అని చెప్పాలనుకుని, చెప్పలేక కూర వడ్డించాను.