ట్రాక్ ఆన్ చేయని రోజు

ఈ రోజు మన ఆన్‌లైన్ మ్యాప్ గ్రూపు కోసం హెల్మెట్‌కు 360 డిగ్రీల కెమెరా కట్టుకుని నేరేడుచర్ల నుంచి మిర్యాలగూడ దాకా రోడ్డంతా ఫొటోలు తీశాను. ఫోన్‌లో జీపీఎస్ ట్రాక్ ఆన్ చేయడం మాత్రం మరిచిపోయాను. ట్రాక్ లేకపోతే ఏ ఫొటో ఎక్కడిదో మ్యాప్‌కు తెలియదు.

ఇంటికొచ్చాక, ఆ దారిలో ఇరవై ఏళ్లు షేర్ ఆటో నడిపిన నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో ఫొటో చూపించాను. ఈ మధ్య ఆయనకు మా పేర్లు గుర్తుండడం లేదు. ఫొటోలు మాత్రం టకటకా గుర్తుపట్టాడు.

"గిది రైస్‌మిల్లు మలుపు. గీడ హారన్ కొట్టాలె."

చివరి ఫొటో మా ఇంటిది. గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది.

"గీడ ఎవరో ఆడమనిషి నిలబడ్డది. జర ఆపు, ఎక్కించుకుందం" అన్నాడు.

ట్రాక్ మరిచినందుకు నన్ను ఎంతైనా తిట్టండి. ఈ మాట అమ్మకు మాత్రం చెప్పకండి.