రింగుల్లో నూనె

తుపాకుల క్లబ్బులో అందరూ ఆమెను బిగింపక్క అంటారు. మొదట్లో ఎగతాళికి పెట్టిన పేరే గానీ, ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే ఆమే పలకదు. ఇరవై రెండేళ్ళు కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసింది. అది మూతపడ్డాక ఇక్కడ మెకానిక్కుగా చేరింది. కిటికీ లేని గది, గాట్లు పడ్డ బల్ల, మెడ వంచిన దీపం, డబ్బా నిండా మరలు. అదీ ఆమె రాజ్యం. కోపం ముక్కు మీదే ఉంటుంది. చేసిన పని సగంలో వదిలేసేవాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళు మంట.

ఆ క్లబ్బులోవి స్ప్రింగు తుపాకులు. చప్పుడు చిన్నదే, కానీ పేల్చినప్పుడల్లా ఓసారి వెనక్కీ ఓసారి ముందుకీ కుదుపుతాయి. పైన కూర్చున్న స్కోపుకు, అంటే గురి చూసే దుర్బిణీ గొట్టానికి, ఆ కుదుపే గండం. అందుకే స్కోపు బిగించేటప్పుడు బిగింపక్కను ఎవరూ పలకరించకూడదు. ముందు స్కోపును తుపాకీకి పట్టి ఉంచే రింగుల లోపలి వైపునూ, స్కోపు గొట్టాన్నీ స్పిరిటు గుడ్డతో జిడ్డు చుక్క లేకుండా తుడుస్తుంది. తర్వాత మరలను మూలకు మూల, కొంచెం కొంచెంగా, రెండు వేళ్ళ బలంతోనే తిప్పుతుంది.

"ఒక్కదాని పీకే నొక్కితే గొట్టం నలిగి చస్తుంది. అన్నిటికీ సమానంగా పంచాలి," అంటుంది, ఎవరూ అడక్కపోయినా.

చివర్లో కోడలి గోళ్ళరంగు తీసి, రింగు మీంచి గొట్టం మీదకు సన్నటి గీత గీస్తుంది. గీత విడిపోయిందా, స్కోపు జరిగిందన్నమాట. ఇక వాదన లేదు.

ఇంత జాగ్రత్తగా చేసిన పనిని ఆ మహానుభావుడు ఏం చేశాడో వినండి. మహానుభావుడంటే క్లబ్బు సెక్రటరీ. కూతురి కాన్పుకని బిగింపక్క పది రోజులు సెలవు పెట్టింది. సరిగ్గా అప్పుడే ఎవరో పెద్దాయన క్లబ్బు చూడ్డానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఇక సెక్రటరీకి పూనకం. తుపాకులన్నీ అద్దాల్లా మెరవాలన్నాడు. "తుపాకీకి గోళ్ళరంగేమిటి, పెళ్ళిచూపులకా?" అని గీతలన్నీ చెరిపించాడు. అంతటితో ఊరుకున్నాడా? పోటీల జట్టు కోసం ఉంచిన తుపాకీకి రింగులు విప్పించి, తుప్పు పట్టకుండా లోపల కూడా నూనె రాయించాడు. స్కోపును పట్టుకునేవే ఆ రింగులు కదా, అక్కడ నూనె రాస్తే అది నిలుస్తుందా? ఫోటోలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయట. ఎవడికి కావాలి ఆ ఫోటోలు!

ఆ తుపాకీతో కాల్చేది లెక్కల టీచరమ్మ. నలభై మూడేళ్ళ మనిషి, నోట్లోంచి మాట బయటికి రాదు. బడి వదలగానే వచ్చి, సంచీ మూల పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, కాల్చుకుని వెళ్ళిపోతుంది. క్లబ్బు మొత్తం మీద ఆమెను మించిన గురి లేదు. అలాంటిది ఆ ఫోటోల తర్వాత గుళ్ళు దారి తప్పడం మొదలుపెట్టాయి. ఈరోజు సరిచేసుకుంటే రేపు ఇంకో పక్కకి. "వయసైపోయింది టీచరుగారూ, చూపు మందగించింది," అన్నాడు సెక్రటరీ అందరి ముందూ. పాపం, ఆవిడ నమ్మింది! రెండుసార్లు కళ్ళజోడు మార్చింది. కాఫీ మానేసింది, చెయ్యి వణుకుతోందేమోనని. నాలుగు నెలలు.

బిగింపక్క మూడుసార్లు ఆ తుపాకీ చూస్తానంది. జట్టు తుపాకులు బీరువాలో ఉంటాయి, తాళం సెక్రటరీ దగ్గర; కాల్చే వేళకు తనే తీసిచ్చి, తనే లోపల పెడతాడు. "అన్నీ బాగానే ఉన్నాయమ్మా, ఎవరూ విప్పలేదు," అన్నాడు మూడుసార్లూ. కళ్ళార్పకుండా!

పోటీలకు వెళ్ళే జట్టు ఎంపిక రోజు వచ్చింది. ఈసారి పోతే ఆ వయసులో టీచరమ్మకు ఇంకో అవకాశం ఉండదు. మొదటి పది గుళ్ళూ అట్ట మీద చెల్లాచెదురుగా పడ్డాయి. ఎంపికదారులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టీచరమ్మ తుపాకీ బల్ల మీద పెట్టి తల దించుకుంది. ఎంపిక రోజున మెకానిక్కు అక్కడే ఉండాలని నియమం. బిగింపక్క ఒక్క అంగలో వచ్చి, స్కోపు గొట్టాన్ని పట్టుకుని తిప్పింది. తిరిగింది. కడిగిన గిన్నె మీద మూత తిరిగినంత సులువుగా తిరిగింది. వేలికి జిడ్డు అంటింది. రింగులో జరిగినచోట గొట్టం మీద తాజాగా గీరుకుపోయిన మెరుపు.

"ఎవరు రాశారయ్యా ఇందులో నూనె?" అని అరిచింది.

అటెండరు నీళ్ళు నమిలాడు. "సారే రాయమన్నారక్కా. పెద్దాయనొచ్చినప్పుడు."

తుపాకీలో లోపముందని మెకానిక్కు రాసిచ్చి, దాని కింద సెక్రటరీ సంతకం పెడితే, మళ్ళీ పది గుళ్ళు కాల్చనివ్వాలి. అదీ నియమమే. సెక్రటరీ ఆమెను తన గదిలోకి పిలిచి కాగితం ముందుకు తోశాడు.

"చూడమ్మా, నూనె సంగతి ఎందుకిప్పుడు? మెకానిక్కు నిర్లక్ష్యం వల్ల బిగింపు వదులైందని రాయి. టీచరుకు అవకాశం వస్తుంది. లేదంటే నేను సంతకం పెట్టను. నీ ఇష్టం."

బిగింపక్క కాగితం చేతిలోకి తీసుకుంది. ఇన్నేళ్ళలో తన చేతిలోంచి వదులుగా వెళ్ళిన మర ఒక్కటి లేదు. ఆ కాగితం అతని మొహాన కొట్టి ఉండాల్సింది. ఎన్ని ఉద్యోగాలు పోయినా ఆమె అలాగే కొట్టేది. కానీ గాజు తలుపు అవతల టీచరమ్మ బెంచీ మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది. బిగింపక్క పళ్ళు నూరుతూ, అతను చెప్పిన ముక్కే రాసి సంతకం పెట్టింది.

కాగితం టీచరమ్మ చేతికొచ్చింది. ఆవిడ నిదానంగా, పిల్లల పరీక్ష పేపరు దిద్దినట్టు చదివింది. రెండోసారి చదివింది. తర్వాత లేచి, దాన్ని నాలుగు ముక్కలు చేసి సెక్రటరీ బల్ల మీద పెట్టి, సంచీ తీసుకుని బయటికి నడిచింది.

బిగింపక్క వెనకాలే పరుగెత్తింది. బస్టాపు దగ్గర అందుకుని దులిపేసింది.

"నీకేమన్నా పిచ్చా టీచరమ్మా? సంతకం నాది, పరువు నాది! నీకేం పోయింది? లోపలికి పోయి పది గుళ్ళు కాల్చి రాక, ఈ పౌరుషం ఇప్పుడా?"

టీచరమ్మ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది.

"నాలుగు నెలలు అబద్ధం నమ్మి నన్ను నేనే తిట్టుకున్నానక్కా. రాత్రీ పగలూ. ఇప్పుడు నేను గెలవాలంటే, నిన్ను తిట్టిన కాగితం నేను తీసుకోవాలా?"

బస్సు వచ్చింది, టీచరమ్మ ఎక్కింది. సాయంత్రం ఎంపికైనవాళ్ళ పట్టీ అంటించారు. దాని కింద, ఎంపిక కానివాళ్ళలో టీచరమ్మ పేరు పక్కన "చూపు మందగించినందున" అని సెక్రటరీ తన చేత్తోనే రాశాడు.