చల్లపల్లికి ఒక మూర ఇవతల

రేపు నా పిల్లల బొమ్మల పుస్తకం అచ్చుకు వెళ్ళాలి. నమూనా ప్రతిని సంచిలో పెట్టుకుని గవర్నర్‌పేటలోని మా బట్టల కొట్టు మెట్లెక్కుతుంటే, చీర చిరుగును మడతలో దాచి అమ్మబోతున్నట్టు అనిపించింది.

కథ నాన్నది. ఆయనకు నాయనమ్మ చెప్పిందట. అమ్మలు చీరలు చూసినంతసేపూ పిల్లల్ని కౌంటర్ మీద కూర్చోబెట్టి చెప్తుంటాడు. వరదల్లో సముద్రం నుంచి ఒక చేప కృష్ణలోకి ఎదురీదింది. తల బెజవాడలో, తోక చల్లపల్లిలో. వానకు దానికి జలుబు చేస్తే మంగళగిరి నేతగాడు దుప్పటి నేశాడు. తల కప్పితే తోక బయట, తోక కప్పితే తల బయట. చలికి అది అటూ ఇటూ దొర్లితే పడిన చారలే మన కాలవలు.

మా కొట్లో ఈ కథను పిల్లలు ఊరికే వినకూడదు, బేరమాడాలి.

"అంత లేదు, తగ్గించండి తాతగారూ!"

"సరే, బోణీ బేరం, నీ మొహం చూసి తగ్గిస్తున్నా. తోక చల్లపల్లికి ఒక మూర ఇవతల."

బొమ్మలు వేసే అమ్మాయి మొదట చేపను రెండు పేజీలూ దాటించి గీసింది. గుళ్ళో ప్రసాదం పెట్టినా కొసరడిగే నోరు నాది, ఊరుకుంటుందా? "మరీ ఇంతా? కొంచెం తగ్గించండి" అన్నాను. "అలాగేనండీ" అంది. మా వీధిలో మొదటి మాటకే ఒప్పుకున్నారంటే కొన్నవాడికి నిద్ర పట్టదు. ఎక్కడో మోసపోయామని బెంగ. నాకూ అదే పట్టుకుంది. కొత్త బొమ్మలో చేప ఒక్క పేజీలో బుద్ధిగా ఇమిడింది. దుప్పటి కూడా సరిపోయింది.

కొట్లో వాళ్ళమ్మతో వచ్చిన చిన్నపిల్ల ఉంటే పుస్తకం చేతికిచ్చి చదివి వినిపించాను. మధ్యలో ఒక్క మాట అనలేదు. "బాగుంది ఆంటీ" అని మర్యాదగా తిరిగిచ్చేసింది.

"ఏం అడగవా?"

"ఏం అడగాలి?"

నాన్న వైపు చూశాను.

"బొమ్మలు బాగున్నాయమ్మా. కానీ ఫిక్సెడ్ రేటు బోర్డు పెట్టేశావు. ఇంక పిల్లకి నోరెలా లేస్తుంది?"

అంటూనే ఒక బట్ట తాను అందుకుని, దాని కొసను బొమ్మలో తోక మీద ఆనించి విసిరాడు. తాను విప్పుకుంటూ కౌంటర్ దాటి, కుర్చీ దాటి, మెట్ల దాకా దొర్లింది.

"ఇదీ తోక. దుప్పటి చాల్లేదు, పాపం."

పిల్ల లేచి నిలబడింది. "అబద్ధం! అంత ఉండదు! తగ్గించండి తాతగారూ!"

"ఎంతకడుగుతావ్?"

"ఆ కుర్చీ దాకా!"

వాళ్ళ బేరం తెగకముందే నేను బయటికొచ్చి బొమ్మల అమ్మాయికి ఫోన్ చేశాను.

"చేపను మళ్ళీ పెంచాలండీ."

"రేపే కదా మేడమ్ అచ్చు! పైగా పేజీ పట్టదండీ."

"పట్టకూడదనే."

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"పాత బొమ్మ పారెయ్యలేదులెండి. అందులో దుప్పటి ఇంకా గియ్యలేదు, అది మాత్రం వెయ్యాలి. ఎల్లుండి సాయంత్రం ఇస్తాను."

"రేపు సాయంత్రం."

"కుదరదండీ. ఎల్లుండి పొద్దున."

ఈసారి ఆ అమ్మాయి మొదటి మాటకే ఒప్పుకోలేదు. అప్పుడు కాస్త ఊపిరాడింది. అచ్చాఫీసువాళ్ళను ఒక రోజు ఆగమనే బేరం మాత్రం ఇంకా మిగిలే ఉంది.